వర్గీకరణ: తీర్పు తేలింది, లెక్క తేలలేదు

షెడ్యూల్డు కులాల రిజర్వేషన్లను ఆ జాబితాలోని కులాల మధ్య మళ్లీ పంచవచ్చా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు ఇరవై ఏళ్ల తేడాతో రెండు విరుద్ధమైన జవాబులు చెప్పింది. 2004 నవంబరు 5న ఈవీ చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కుదరదన్నది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి ధర్మాసనం 6–1 మెజారిటీతో కుదురుతుందన్నది. మొదటిది ఆంధ్రప్రదేశ్ చట్టం మీద వచ్చిన కేసు, రెండోది పంజాబ్ చట్టం మీద. తెలుగు రాష్ట్రాల దళితుల చదువులనూ ఉద్యోగాలనూ మాత్రం రెండు తీర్పులూ నేరుగా తాకాయి.

తీర్పుతో వాదన ముగుస్తుందని చాలామంది ఆశపడ్డారు. ముగియలేదు సరికదా, వర్గీకరణ అనే ఒక్క పేరు కింద ఇప్పుడు నాలుగు తగాదాలు నడుస్తున్నాయి. రాష్ట్రానికి ఆ అధికారం ఉందా అన్నది ఒకటి. పంపకానికి ఏ లెక్క ప్రాతిపదిక అన్నది రెండోది. ఎస్సీల్లోని సంపన్న శ్రేణిని తప్పించే క్రీమీలేయర్ పెట్టాలా అన్నది మూడోది. అతి చిన్న కులాల చేతికి చివరకు ఏం అందుతుందన్నది నాలుగోది. వీటిలో మొదటిదే తేలింది. సభల్లోనూ టీవీ చర్చల్లోనూ నాలుగూ కలగాపులగం కావడం వల్ల, తేలినదాని మీద ఇంకా పోట్లాట జరుగుతోంది, తేలాల్సినవాటి మీద శ్రద్ధ కొరవడుతోంది.

పంజాబ్ సర్క్యులర్, ఈదుముడి ఉద్యమం

వర్గీకరణ ఆంధ్రలోనే పుట్టిందనే అభిప్రాయం మనలో ఉంది. నిజానికి పంజాబ్ ప్రభుత్వం 1975లోనే ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఎస్సీ కోటాలో సగం ఖాళీలకు వాల్మీకులకు, మజ్హబీ సిక్కులకు తొలి ప్రాధాన్యం ఇవ్వాలన్నది దాని సారం. హర్యానా 1994లో ఎస్సీలను రెండు బ్లాకులుగా విడదీసింది. అయితే ఆ రెండు చోట్లా అది మొదట ప్రభుత్వ ఉత్తర్వుగానే సాగింది. వర్గీకరణను ప్రజా ఉద్యమంగా నిలబెట్టింది తెలుగు నేల. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో మూడు దశాబ్దాలు సాగిన ఆ పోరాటం, కులం పేరును ఇంటిపేరులా తలెత్తుకుని చెప్పుకునే అలవాటును కూడా తెచ్చింది. వ్యతిరేకంగా మాల మహానాడు నిలబడింది.

1996లో ప్రభుత్వం జస్టిస్ పి. రామచంద్రరాజు కమిషన్‌ను వేసింది. దాని సిఫార్సుల మేరకు 15 శాతాన్ని నాలుగు ముక్కలు చేశారు: రెల్లి తదితర కులాల ‘ఎ’ గ్రూపుకు 1 శాతం, మాదిగ తదితరుల ‘బి’కి 7, మాల తదితరుల ‘సి’కి 6, ఆది ఆంధ్ర తదితరుల ‘డి’కి 1. 1997లో ఇచ్చిన జీవోను హైకోర్టు కొట్టేసింది. 1999లో ఆర్డినెన్స్, 2000లో చట్టం వచ్చాయి. హైకోర్టు ఐదుగురి ధర్మాసనం మెజారిటీతో ఆ చట్టాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు 2004లో రద్దు చేసింది.

ఇందులో ఒక చిత్రం ఉంది. వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డిలుగా విడదీయడం ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచీ అమల్లో ఉన్నదే. అనంతరామన్ కమిషన్ సిఫార్సులతో వచ్చిన ఆ జాబితాను సుప్రీంకోర్టు 1972లో బలరాం కేసులో ఆమోదించింది. 1992 ఇంద్ర సాహ్ని తీర్పులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి బీసీల ఉపవర్గీకరణను సమర్థిస్తూ ఎత్తిచూపిన ఉదాహరణ కూడా మనదే. కంసాలి, వడ్డెర రెండూ బీసీలే అయినా రాళ్లు కొట్టే వడ్డెరల వెనుకబాటు ఎక్కువని ఎవరు కాదనగలరు అన్నది ఆయన తర్కం. బీసీల విషయంలో ఇంత సహజంగా ఒప్పుకున్నదాన్ని ఎస్సీల విషయంలో ఎందుకు కాదన్నారు? చిన్నయ్య తీర్పులోకి వెళ్తేగానీ ఇది అర్థం కాదు.

341వ అధికరణాన్ని ఎలా చదవాలి

ఏయే కులాలు షెడ్యూల్డు కులాలో రాష్ట్రపతి నోటిఫికేషన్‌తో ప్రకటిస్తారు. ఒకసారి ప్రకటించాక చేర్చడానికైనా తీసేయడానికైనా పార్లమెంటు చట్టం చేయాల్సిందే. 341వ అధికరణం చెప్పేది ఇంతే. 1949 సెప్టెంబరులో రాజ్యాంగ సభలో దీన్ని ప్రవేశపెడుతూ అంబేడ్కర్ చెప్పిన కారణం కూడా స్పష్టమైనదే: జాబితాలో రాజకీయ కారణాలతో మార్పులు చేసే వీలు ఉండకూడదు.

చిన్నయ్య ధర్మాసనం దీన్నుంచి పెద్ద అడుగే వేసింది. జాబితాలో చేరిన కులాలన్నీ కలిసి ఒకే సజాతీయ వర్గం అయిపోతాయి, కాబట్టి రాష్ట్రం దాన్ని చీల్చడమంటే జాబితాతో చెలగాటమాడడమే, అది 14వ అధికరణం చెప్పే సమానత్వానికీ విరుద్ధం అన్నది.

దవీందర్ సింగ్ తీర్పు ఈ అడుగునే వెనక్కి తీసుకుంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డీవై చంద్రచూడ్ తన తరఫున, జస్టిస్ మనోజ్ మిశ్రా తరఫున రాసిన అభిప్రాయం ప్రకారం 341వ అధికరణం పని గుర్తింపు వరకే. జాబితాలో ఉన్నవారంతా అంటరానితనాన్ని అనుభవించినవారే. అంతమాత్రాన అందరి వెనుకబాటూ ఒక్క తీరుది కాదు. ఏ కులాన్నీ జాబితా నుంచి తీసేయకుండా, ఏ కులానికీ కొత్తగా చోటు ఇవ్వకుండా, లోపల ప్రాధాన్యం నిర్ణయించడం 15, 16 అధికరణాల కింద రాష్ట్రం చేయదగిన పనే.

అధికారంతోపాటు షరతులూ పెట్టింది. ఒక ఉపవర్గానికి సీట్లన్నీ రాసివ్వకూడదు. విభజనకు హేతుబద్ధమైన ప్రాతిపదిక ఉండాలి. ఆ ఉపవర్గానికి తగిన ప్రాతినిధ్యం లేదని గణాంకాలతో చూపాలి. ప్రాతినిధ్యాన్ని తలల లెక్కతో సరిపెట్టకుండా, అది పనికొచ్చే స్థాయిలో ఉందా అని చూడాలి. నలుగురు అటెండర్లు ఉన్నారు కాబట్టి ఆ కులానికి వాటా అందిందని చెప్పడానికి వీల్లేదన్నమాట. ఈ చివరి షరతును మన రాష్ట్రాల్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. నా దృష్టిలో తీర్పు మొత్తానికీ ఇదే ఆయువుపట్టు.

జస్టిస్ బేలా త్రివేది అసమ్మతి తీర్పును కొట్టిపారేయడం తగదు. రాష్ట్రపతి జాబితాలోని కొన్ని కులాలకు ప్రత్యేక వాటా ఇస్తే మిగతా కులాలకు ఆ మేరకు హక్కు తగ్గుతుంది, నేరుగా చేయరానిదాన్ని దొడ్డిదారిన చేయడం అదే అన్నది ఆమె వాదం. జాబితాను రాజకీయాలకు అందకుండా ఉంచాలన్న రాజ్యాంగ ఉద్దేశం దెబ్బతింటుందనీ హెచ్చరించారు. మొదటి వాదానికి మెజారిటీ జవాబు గట్టిదే. రెండో హెచ్చరికకు జవాబు తీర్పు పుటల్లో దొరకదు. గణాంకాల షరతును ప్రభుత్వాలు ఎంత నిజాయతీగా పాటిస్తాయో అదే దానికి జవాబు.

వాదాలు, వాటి బలాబలాలు

మొదటిది ఐక్యతా వాదం. అంటరానితనం మాల మాదిగ తేడా చూడలేదు, అగ్రకుల ఆధిపత్యాన్ని ఎదిరించే బలం కలిసి ఉండడంలోనే ఉంది, వర్గీకరణ ఆ బలాన్ని చీలుస్తుంది అన్నది దీని సారం. 2024 ఆగస్టు 21న జరిగిన భారత్ బంద్ వెనుక ఈ భావన బలంగా ఉంది. మాయావతి, ప్రకాశ్ అంబేడ్కర్ వంటి నేతలు తీర్పును వ్యతిరేకించారు. ఈ వాదంలో కాదనలేని నిజం ఒకటుంది: బ్యాక్‌లాగ్ పోస్టులు భర్తీ చేయకుండా, ప్రభుత్వ రంగాన్ని కుదించుకుంటూ పోయి, మిగిలిన కొద్దిపాటి ఉద్యోగాల కోసం దళితులను దళితులతో తలపడేలా చేస్తే నష్టపోయేది అందరూ. దీని బలహీనత మరో చోట ఉంది. ఐక్యత కోసం త్యాగం చేయమని ఎప్పుడూ వెనక ఉన్నవారినే అడుగుతుంది.

రెండోది వాటా వాదం. 1975 ఎన్.ఎం. థామస్ తీర్పు నుంచి వస్తున్న ఆలోచన ఇది: రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదు, సమానత్వం తీసుకునే ఒక రూపం. అలాగైతే ఆ సూత్రం ఎస్సీ జాబితా గడప దగ్గరే ఆగిపోనక్కర్లేదు. జస్టిస్ బీఆర్ గవాయ్ దీన్ని రైలు పెట్టెతో పోల్చారు. ఎలాగో లోపలికి ఎక్కినవారు తర్వాత వచ్చేవారిని ఎక్కనివ్వకుండా తలుపు పట్టుకుంటున్నారని. దళిత సమాజానికే చెందిన న్యాయమూర్తి ఈ మాట అనడం దళిత మేధావుల్లో కొందరిని నొప్పించింది, మరికొందరికి ధైర్యమిచ్చింది. తమిళనాడులో 2009 నుంచి అరుంధతియార్లకు 18 శాతం ఎస్సీ కోటాలో 3 శాతం అమలవుతూ వచ్చింది. వర్గీకరణ వస్తే దళిత రాజకీయమే కుప్పకూలుతుందన్న భయానికి అక్కడి అనుభవం ఆధారమివ్వదు.

ఈ రెంటి మధ్యా ఒక మధ్యేమార్గం కూడా ఒకప్పుడు ఉండేది. 2007లో కేంద్రం ఆంధ్రప్రదేశ్ కోసం ఉషా మెహ్రా కమిషన్‌ను వేసింది. 341వ అధికరణాన్ని సవరించి, రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానిస్తే పార్లమెంటు వర్గీకరించే ఏర్పాటు చేయాలని 2008లో అది సూచించింది. ఆ నివేదిక మూలన పడింది. రాజకీయ వేదికల మీద అన్ని పార్టీలూ వర్గీకరణకు జై కొడుతూనే ఉన్నాయి, పార్లమెంటులో ఏ ప్రభుత్వమూ బిల్లు పెట్టలేదు. ఈ పదహారేళ్ల జాప్యంలో ఉద్యోగ వయసు దాటిపోయినవారికి ఏ తీర్పూ ఏమీ ఇవ్వలేదు.

క్రీమీలేయర్: ధర్మాసనం ముందు లేని ప్రశ్న

దవీందర్ సింగ్ తీర్పులో ఎక్కువ గొడవ రేపిన భాగం అసలు ధర్మాసనం ముందున్న ప్రశ్న కాదు. ఎస్సీ, ఎస్టీల్లోనూ సంపన్న శ్రేణిని గుర్తించి రిజర్వేషన్ నుంచి తప్పించాలని జస్టిస్ గవాయ్ రాశారు. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ పంకజ్ మిత్తల్, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ఆ దిశగానే మాట్లాడారు. రిజర్వేషన్ ఒక్క తరానికే పరిమితం కావాలని జస్టిస్ మిత్తల్ మరో మెట్టు ఎక్కారు. ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయంలో ఆ ప్రస్తావన లేదు.

నలుగురు చెప్పారు కాబట్టి అది చట్టమైపోయిందని ఒక పక్షం, ముందు లేని ప్రశ్న మీద చేసిన వ్యాఖ్యలకు కట్టుబడనక్కర్లేదని మరో పక్షం వాదిస్తున్నాయి. రెండో పక్షమే సరైనదని నా అభిప్రాయం. తర్వాతి పరిణామాలూ అటే చూపాయి. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 9న ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ లేదని ప్రకటించింది. 2025 జనవరిలో ఇదే విషయమై వచ్చిన ఒక పిటిషన్‌ను విచారణకు తీసుకోకుండా, అది శాసన, కార్యనిర్వాహక శాఖలు తేల్చాల్సిన సంగతి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ గవాయే ఉన్నారు. అయితే పదోన్నతుల విషయంలో 2018 జర్నైల్ సింగ్ తీర్పు ఎస్సీ, ఎస్టీలకూ ఈ సూత్రాన్ని తెచ్చిందన్న సంగతి మరిచిపోరాదు. కాబట్టి తలుపు పూర్తిగా మూసుకోలేదు.

వర్గీకరణ, క్రీమీలేయర్ ఒకే నాణేనికి రెండు వైపులని కొందరు రాస్తున్నారు. అది పొరపాటు. ఒకటి కులాన్ని కొలుస్తుంది, రెండోది కుటుంబ ఆదాయాన్ని. సంపాదించిన దళితుడికి అద్దెకు ఇల్లు ఇవ్వని ఊళ్లో ఆదాయం కులాన్ని చెరిపేయదు. పైగా, చదువుకున్న మొదటి తరాన్ని తప్పించాక కటాఫ్ అందుకునేవారు లేక సీట్లు మిగిలిపోతే అవి చేరేది మరో పేద దళితుడికేనన్న హామీ ఎక్కడా లేదు.

రెండు రాష్ట్రాలు, రెండు పంపకాలు

తీర్పు తర్వాత తెలంగాణ జస్టిస్ షమీమ్ అఖ్తర్ ఏకసభ్య కమిషన్‌ను, ఆంధ్రప్రదేశ్ రాజీవ్ రంజన్ మిశ్రా ఏకసభ్య కమిషన్‌ను నియమించాయి. రెండు చోట్లా జాబితాలో ఉన్నవి 59 కులాలే. రెండు రాష్ట్రాలూ మూడేసి గ్రూపులు చేశాయి. పోలిక అంతటితో ఆగుతుంది.

తెలంగాణ చట్టం 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు అమల్లోకి వచ్చింది. అత్యంత వెనుకబడిన 15 కులాలకు 1 శాతం, మాదిగ సహా 18 కులాలకు 9 శాతం, మాల సహా 26 కులాలకు 5 శాతం. క్రీమీలేయర్ సిఫార్సును ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్ అదే నెలలో ఆర్డినెన్స్ తెచ్చింది: రెల్లి తదితర 12 కులాలకు 1 శాతం, మాదిగ తదితర 18 కులాలకు 6.5, మాల తదితర 29 కులాలకు 7.5. పాత ఉమ్మడి రాష్ట్ర చట్టంలో 7 శాతంతో ముందున్న మాదిగ గ్రూపు, విభజన తర్వాత తెలంగాణలో 9కి పెరిగింది, ఆంధ్రలో 6.5కి తగ్గింది. జనాభా ఎక్కడ ఎక్కువగా ఉందో అంకె అటు కదిలింది. అంటే వెనుకబాటు కన్నా తలల సంఖ్యే పంపకాన్ని నడిపించింది.

తెలంగాణ వాడింది 2011 జనగణన లెక్కలు. వాటి ప్రకారం ఎస్సీల్లో మొదటి గ్రూపు వాటా 3.3 శాతం, రెండోది 63 శాతం దాకా, మూడోది 34 శాతం. 15లో 1 అంటే 6.7 శాతం. కాగితం మీద మొదటి గ్రూపుకు జనాభాకు రెట్టింపు దక్కింది. ఏ పోస్టు ఎవరి వంతో చూపే రోస్టర్ రిజిస్టర్ తెరిస్తే మాత్రం ఇది వేరేగా కనిపిస్తుంది. నూరు పాయింట్ల రోస్టర్‌లో ఆ గ్రూపుది ఒక్క పాయింటు. పెద్ద గ్రూప్-4 నోటిఫికేషన్‌లో అది కొన్ని పదుల ఉద్యోగాలు కావచ్చు. పదేళ్లలో ఇరవై పోస్టులు కూడా నింపని ఒక విశ్వవిద్యాలయ విభాగంలోనో చిన్న శాఖలోనో ఆ పాయింటు వంతు వచ్చేసరికి ఒక తరం దాటిపోవచ్చు. వంతు వచ్చినరోజున అర్హులు లేకపోతే పోస్టు తర్వాతి గ్రూపుకు వెళ్తుంది. ఆంధ్ర కమిషన్ 200 పాయింట్ల రోస్టర్ సూచించడానికి కారణం 6.5, 7.5లలోని అరలే, రెండొందలకు లెక్కిస్తే గ్రూపులకు వరుసగా 2, 13, 15 వస్తాయి. లెక్క సరిపోయింది. నిరీక్షణ తగ్గలేదు.

గ్రూపుల కూర్పు కూడా ఆలోచించదగ్గదే. తెలంగాణ మొదటి గ్రూపులో బేడ బుడగ జంగం, డక్కల, మెహతర్, మాంగ్ వంటి కులాలు ఉన్నాయి. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పి బతికే ఆశ్రిత కులం. చిందువారి బతుకూ అదే తీరు. డక్కలిని మొదటి గ్రూపులో, చిందును మాదిగతోపాటు రెండో గ్రూపులో పెట్టారు. ఊరి వెలుపల వాడ, వాడకూ వెలుపల గుడారం వేసుకునే మనుషులు రిజర్వేషన్ పోటీలో మాదిగ డిగ్రీ విద్యార్థితో నిలబడగలరా? మాల, మాదిగ వాదోపవాదాల హోరులో ఈ ప్రశ్న వినిపించలేదు. కర్ణాటకలో వినిపించింది. జస్టిస్ నాగమోహన్ దాస్ కమిషన్ సంచార కులాలకు విడిగా 1 శాతం సూచించగా, 2025 ఆగస్టులో ప్రభుత్వం 17 శాతాన్ని 6, 6, 5గా మూడు పెద్ద గ్రూపులకే పంచింది. సంచార కులాలవారు వీధికెక్కారు. అక్కడ జరిగింది రేపు మన దగ్గర జరగదనే భరోసా ఏమీ లేదు.

ఇంకా తేలనివి

కేంద్ర ఉద్యోగాలు, ఐఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల సంగతేమిటి? రాష్ట్ర చట్టం వాటికి వర్తించదు. హైదరాబాద్‌లో ఒకే వీధిలోని రాష్ట్ర కార్యాలయంలో డక్కలి యువకుడికి విడి పాయింటు ఉంటుంది, పక్కనున్న కేంద్ర కార్యాలయంలో ఉండదు. ఓబీసీల ఉపవర్గీకరణ కోసం కేంద్రం 2017లో వేసిన రోహిణి కమిషన్ 2023 జులైలో నివేదిక ఇచ్చినా దాని అమలు జరగలేదు. ఎస్సీల విషయంలో కేంద్రం త్వరపడుతుందని నమ్మడం కష్టం.

ఎస్టీలకు ఈ తర్కం వర్తిస్తుందా అన్నది మరింత సున్నితమైనది. 342వ అధికరణం మాటలు 341నే పోలి ఉన్నాయి. 1976లో తెలంగాణ ప్రాంత ఎస్టీ జాబితాలో చేరిన లంబాడాలకు, గోండు, కోయ వంటి ఆదివాసులకు మధ్య నలుగుతున్న వివాదం జాబితా నుంచి తొలగించాలనే డిమాండ్ దాకా వెళ్లింది. తొలగింపు పార్లమెంటు పని, అందులో సందేహం లేదు. ఉపవర్గీకరణ మాత్రం ఇప్పుడు ఊహించదగిన మార్గం. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే తీర్పులో జాబితాల లోపలి అసమానతనూ ప్రస్తావించింది. అక్కడ ఉన్నది పోగొట్టుకున్న ఆదివాసులకు, లోపలి పంపకం గురించి మాట్లాడేముందు ఆ నష్టం గురించి మాట్లాడాల్సి ఉంటుంది.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది సాక్ష్యం. కోర్టు అడిగింది ప్రాతినిధ్యపు లెక్క. ఎన్ని తలలు అన్నది జనగణన చెబుతుంది. ఏ శాఖలో, ఏ హోదాలో ఎవరు ఉన్నారన్నది చెప్పదు. 2027 జనగణన వచ్చాక గ్రూపుల వాటాలు మార్చాలనే ఒత్తిడి రావడం ఖాయం. ఆ రోజుకు ఉద్యోగుల లెక్కలు సిద్ధంగా లేకపోతే, మళ్లీ జనాభా అంకెలతోనే పంచుతారు, మళ్లీ కోర్టుకు వెళ్తారు. చిన్నయ్య తీర్పు పోయినా, గణాంకాలు లేవన్న కారణంతో ఒక చట్టం మళ్లీ కూలే ప్రమాదం ఉంది.

రెండు ప్రభుత్వాలూ చేయాల్సింది క్లిష్టమైన పనేమీ కాదు. 59 కులాల్లో ప్రతి కులానికీ శాఖలవారీగా, కేడర్లవారీగా ఎందరు ఉద్యోగులున్నారో, ఇంజినీరింగ్, వైద్య సీట్లు ఎన్ని దక్కాయో ఏటా తెలుగులో ప్రచురించాలి. మొదటి గ్రూపు పాయింటు ఎన్నిసార్లు అర్హులు లేక తర్వాతి గ్రూపుకు వెళ్లిందో విడిగా చెప్పాలి. ఆ గ్రూపు పిల్లలకు గురుకులాల్లో, కోచింగ్ కేంద్రాల్లో ముందుగా చోటు ఇవ్వాలి. వర్గీకరణ కోసం ముప్పై ఏళ్లు రోడ్డు మీద నిలబడిన సంఘాలు, దాన్ని వ్యతిరేకించిన సంఘాలు కూడా ఈ ఒక్క లెక్కను కలిసి అడగాలి.